ఫుట్‌పాత్ మీద ముందు సీటు

మా కారు ముందు సీట్లో నేను మొదటిసారి కూర్చున్నది పెళ్లయిన ఇరవై తొమ్మిదో ఏట. అదీ కారులో కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట వైపు పోయే రోడ్డు మీద, మెట్రో లైను కింద, ఒక కుషన్ దుకాణం ముందు, ఫుట్‌పాత్ మీద. చుట్టూ తలుపుల్లేవు, పైన టాపు లేదు, కింద చక్రాల్లేవు. ఉత్త సీటు, దాని మీద నేను, నా చేతుల్లో తాళ్లతో వేలాడదీసిన ఒక పాత స్టీరింగు. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు తిప్పి మరీ చూస్తున్నారు. ఒకాయనైతే నమస్కారం కూడా పెట్టాడు.

ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పాలంటే, ముందు మా కారులో కూర్చునే పద్ధతి చెప్పాలి.

మాది మన్సూరాబాద్. మా అత్తగారి వాళ్లు అది ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నారు. పొలాలు ప్లాట్లయినప్పుడు మా మామగారు చేసిన మొట్టమొదటి ఘనకార్యం తెల్ల అంబాసిడర్ కొనడం. స్టీరింగు పక్కనే గేరు, ముందు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే బెంచీ సీటు. ముందు మగవాళ్లు, వెనక ఆడవాళ్లు. ఈ చట్టం ఎవరూ రాయలేదు, అందుకే ఎవరూ మార్చలేదు కూడా. మా ఆయన నడిపేవాడు. ఆయన పక్కన మామగారు. మామగారు పోయాక ప్లాట్ల బ్రోకరు. బ్రోకరు లేనినాడు పంతులుగారు. ఎవరూ లేనినాడు ఆ చోటు ఖాళీగా ఉండేది. కారులో మేమిద్దరమే ఉన్నా నేను వెనకే. చూసేవాళ్లు ఆయన్ని నా డ్రైవరనుకునేవాళ్లు. ఆ ఒక్క సంతోషం మాత్రం నాకుండేది.

ఒక ఏడు బోనాలకు మేకపోతును కొనుక్కొచ్చారు. వెనక ఎక్కిస్తే మా పూలు తింటుందని ముందు కూర్చోబెట్టారు. అది కిటికీలోంచి తల బయటపెట్టి ఎల్బీనగర్ అంతా తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది. నేను వెనక పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని దాని వీపు చూసుకుంటూ వచ్చాను. ఆ తర్వాత దాని గతి ఏమైందో అందరికీ తెలుసు, కానీ ఆ గంటసేపు మాత్రం దాని హోదా నా హోదా కన్నా పెద్దది. ఇంటికొచ్చాక ఈ మాట అంటే మా అత్తగారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. మా ఆయనకు మాత్రం ఇందులో నవ్వేదేముందో ఇప్పటికీ అర్థం కాలేదు.

కిందటేడు మా ఆయనకు షుగరు కళ్లలోకి వచ్చింది. కంటి డాక్టరు నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. దగ్గరివి కనిపిస్తాయి, దూరానివి అలుక్కుపోతాయి, ఇక మీదట స్టీరింగు ముట్టుకోవద్దు అని. ఈయన ఇంటికొచ్చి అందరికీ ఏం చెప్పాడంటే, “కంట్ల నలుసు వడ్డదట, చుక్కలిచ్చిండ్రు” అని. నేను నోరు మూసుకున్నాను. అదే నెలలో కారుకు మళ్లీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన కారు పాసైంది, అరవై దాటిన మనిషి ఫెయిలయ్యాడు. ఆ బాధ ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే కిందికి పోయి, బండి స్టార్టు చేసి, అక్కడికక్కడే పావుగంట కూర్చుని, బందు చేసి, తాళాలు జేబులో వేసుకుని పైకి వచ్చేవాడు.

ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

“కారు తమ్మునికి ఇచ్చేస్తున్న. మూఢం పోంగనే వచ్చి తీస్కపోతడు.”

తమ్ముడంటే ఆయన చిన్నాయన కొడుకు. నాగోల్‌లో ఫంక్షన్ హాలు ఉంది. మా అంబాసిడర్‌ను గేటు పక్కన నిలబెట్టి, బానెట్ తీసేసి అందులో పూలు నింపి, పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ దానికి ఆనించి ఫొటోలు తీయిస్తాడట. “ఇంజన్ ఎందుకు వదినా, నిలవెట్టుడే గదా” అని నాతో కూడా అన్నాడు. వినగానే నా కడుపు మండింది. మా ఆయనకు మండలేదా అంటే మండింది. కానీ జీతానికి ఒక డ్రైవరు వచ్చి ఆ సీట్లో కూర్చోవడం కన్నా, ఎవరూ నడపకుండా పూలకుండీ కావడమే నయమనిపించింది ఆయనకు. మగవాళ్ల పంతం ఇలాంటి దారులే తొక్కుతుంది.

“నేను నడుపుత,” అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగింది. “నువ్వా?”

“లైసెన్సున్నది గదా.”

నాకు లైసెన్సు వచ్చి నాలుగేళ్లయింది. ఇంటి కిందే నాకు కుట్టు సెంటరుంది. జాకెట్లు ఇచ్చి రావడానికి పనికొస్తుందని డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను. అది ఆయన లెక్కలో ముగ్గులు నేర్చుకోవడం లాంటిది.

“గది చిన్న కారు లైసెన్సు,” అన్నాడు.

“లైసెన్సు మీద చిన్న కారు, పెద్ద కారు అని రాసి లేదు. కావాల్నంటె చూసుకోండ్రి.”

“ఆ సీట్ల కూసుంటె నీకు బానెట్ గూడ కనవడది. నీ ఎత్తెంత, బండి ఎత్తెంత?”

ఇది నిజం. నేను ఐదడుగులు కూడా లేను. పైగా ఆ సీటు ఎప్పుడో కూలిపోయింది. లోపలి కొబ్బరి పీచు పొడైపోయి, లేచిన ప్రతిసారీ ఈయన ప్యాంటు వెనక గోధుమరంగు ముద్ర పడేది. స్ప్రింగులు పైకి పొడుచుకొస్తే, ఎన్నికలైపోయాక గోడ మీద మిగిలిపోయిన ఒక ఫ్లెక్సీ తెచ్చి మడతలు పెట్టి వేసుకున్నాడు. ఏ పార్టీయో చెప్పను. ఆ అభ్యర్థి ఓడిపోయాడు, ఆపైన ఐదేళ్లు మా ఆయన ఆ మనిషి మొహం మీదే కూర్చుని కారు నడిపాడు.

“అయితే సీటు ఎత్తు చేయిస్త,” అన్నాను.

నవ్వాడు. “చేయించు. మూఢం పోయే లోపల నన్ను కూసోవెట్టుకోని మీర్‌పేట్ల మా అక్క ఇంటి దాక తీస్కపో. ఎల్బీనగర్ చౌరస్తల బండి బంద్ వడకుండ దాటిస్తె, తమ్మునికి నేనే ఫోన్ చేసి వద్దని చెప్త.”

పన్నెండు రోజులుంది మూఢం పోవడానికి. అంటే నాకున్నవి పన్నెండు రోజులు, ఒక కూలిపోయిన సీటు, కొలతకు సరిపోని ఒళ్లు.

ఎల్బీనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ వచ్చి కారు తన షెడ్డుకు తీసుకుపోయాడు. “సీటు విప్పి పెట్టు, నేను ట్రాలీ ఆటో మాట్లాడుకోనొస్త” అని చెప్పి పోయాను. తిరిగొచ్చేసరికి వెనక సీటు విప్పి, తుడిచి, నా కోసం గోడకు ఆనించి పెట్టాడు.

“గిదేంది?”

“సీటు మేడం. మీరే అన్నరు గదా.”

“ముందుది.”

“ముందుది సార్‌ది గదా మేడం,” అన్నాడు పాపం, నిజంగా అయోమయంగా. ఇన్నేళ్లుగా నన్ను వెనక చూసిన మనిషి. నేను సీటు అంటే నా సీటే అనుకున్నాడు. ముందుది విప్పమంటే జేబులోంచి ఫోను తీశాడు. “సార్‌ను ఒక మాట అడిగి విప్పుత.”

“స్పానర్ ఇటియ్యి, నేనే విప్పుకుంట,” అన్నాను. ఫోను జేబులోకి పోయింది. బోల్టులు ఊడాయి. ఫ్లెక్సీలోని నాయకుడు చెత్తకుప్ప మీద పడ్డాడు.

కుషన్ దుకాణం ఆయనది విజయవాడ వైపు. నలభై ఏళ్ల కింద వచ్చి స్థిరపడ్డాడట. ఇన్నేళ్లయినా మాటలో ఒక్క అక్షరం కూడా హైదరాబాద్‌కు ఇచ్చుకోలేదు. సీటును నాలుగు వైపులా తట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, “ఎవరు నడుపుతారండీ?” అన్నాడు.

“నేనే.”

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. “అంటే, మామూలుగా?”

“మామూలుగ నేనే, ఎప్పటికి నేనే,” అని సంచిలోంచి టేపు తీశాను. సీటు నుంచి అద్దం అంచు దాకా ఎంతుందో ముందే కొలిచి రాసుకొచ్చాను. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల ఒళ్లు కొలుస్తున్నదాన్ని, నాకు నేను కొలుచుకోలేనా?

ఆయన ఆ కాగితాన్ని మర్యాదగా పక్కన పెట్టేశాడు. “టేపు అబద్ధం చెప్తుందమ్మా. మీరు కొలిచింది నిలబడ్డ మనిషిని. కూర్చున్న మనిషి వేరు. నేను కాగితం మీద ఏదీ రాసుకోను. నడిపేవాళ్లని కూర్చోబెట్టి చూస్తాను.”

టేపు అబద్ధం చెప్తుందట! నా వృత్తి మొత్తం మీద నీళ్లు పోసినట్టు అనిపించింది. గట్టిగా జవాబు చెప్దామనుకున్నాను గానీ, పెళ్లిలో కూర్చోగానే జాకెట్టు బిగిసిందని మళ్లీ తెచ్చిన ఆడవాళ్లంతా ఒక్కసారి గుర్తొచ్చారు. టేపు చుట్టి సంచిలో పడేశాను.

ఆయన పద్ధతి ఇదీ. లోపలి స్ప్రింగుల్ని దారాలతో మళ్లీ కట్టి, మీద గోనెపట్ట పరిచి, సీటును తెచ్చి ఫుట్‌పాత్ మీద పెడతాడు. అటూ ఇటూ రెండు కర్రలు పాతిన డబ్బాలు. కర్రలకు అడ్డంగా రెండు తాళ్లు. కింది తాడు బానెట్ అంచు, పై తాడు కారు టాపు. అంబాసిడర్ కొలతలు ఆయనకు కంఠతా వచ్చు. దుకాణం రేకుకు ఒక పాత స్టీరింగు కట్టి వేలాడదీసి ఉంది. “కూర్చోండమ్మా, పట్టుకోండి, రోడ్డు చూడండి” అన్నాడు. అలా ఎక్కాను నేను ముందు సీటు.

కింది తాడు నా కనుబొమ్మల దగ్గరుంది. ఆయన ఒక ఫోమ్ ముక్క వేశాడు. తాడు ముక్కు మీదికి వచ్చింది. ఇంకోటి వేశాడు. దోసెల్లా ఒకదాని మీద ఒకటి వేస్తూ, ప్రతిసారీ నన్ను లేపి, కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని నా కళ్లలోకి చూసేవాడు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక అమ్మాయి స్కూటీ ఆపింది.

“ఆంటీ, మీరేనా? ఏం చేస్తున్నరు?”

“డ్రైవింగ్.”

“మరి కారేది?”

“వస్తది. నువ్వు పో, ఎనక హారన్ కొడుతుండ్రు.”

ఆడవాళ్లకు మెత్తగా ఉండాలని మెత్తటి ఫోమ్ వేయబోయాడు. “వద్దు, గట్టిది వెయ్యండి. మెత్తటిదైతె ఆరు నెలలకు దిగుతది, నేను మళ్ల కిందికి వోతా” అన్నాను. వాదన అరగంట నడిచింది. చివరికి కింద గట్టిది, పైన వేలెడు మందం మెత్తటిది అని రాజీపడ్డాం. వీపు పక్క కూడా నాకు మందంగా కావాలి. లేకపోతే కాళ్లు క్లచ్ దాకా అందవు. రెగ్జిన్ అంచుకు పైపింగ్ వేస్తానన్నప్పుడు మాత్రం నాకు ఉత్సాహం వచ్చింది. జాకెట్ల మెడకు నేను వేసేదీ పైపింగే. ఆయన మూల తిప్పిన చోట ముడత పడుతోంది. దారం విప్పించి, గుడ్డ ఐమూలగా కోసి, మూల ఎలా తిప్పాలో చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. “మా మేస్త్రి చెప్పలేదమ్మా ఇది,” అన్నాడు. టేపుకు జరిగిన అవమానం అక్కడితో తీరిపోయింది.

“బెంచీ సీటు కదమ్మా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఎత్తు చేసేస్తాను. నలభై ఏళ్లలో ఒక్క సీటు కూడా ఎగుడుదిగుడుగా చేయలేదు” అన్నాడు. సరేనన్నాను. ఎడమ పక్క ఎవరు కూర్చుంటారన్నది నాకు తట్టనేలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వెనక ఎవరున్నారో మా ఆయనకూ తట్టలేదు కదా, చెల్లుకు చెల్లు.

ఆ తర్వాత మూడు రోజులు నేను కదలలేకపోయాను. మూఢంలో పెళ్లిళ్లుండవు గానీ పెళ్లి జాకెట్లు అప్పుడే కుట్టాలి. నాలుగోరోజు పొద్దున కొత్తపేట పోయి ఆటో దిగగానే నా కాళ్లు ఆగిపోయాయి.

ఫుట్‌పాత్ మీద నా సీటు ఉంది. దాని మీద, కుడి పక్క, నా ఎత్తు కోసం పేర్చిన ఫోమ్ మీద, మా ఆయన కూర్చుని ఉన్నాడు. తల పై తాడును దాటి ఇంత ఎత్తుకు పోయింది. వేలాడే స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాడు. చుట్టూ నేల మీద కోసి పడేసిన ఫోమ్ ముక్కలు.

ఆ ముక్కలు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. నా సీటు కోయించేశాడు. ఇంట్లో నవ్వి, చేయించు పో అని, నా వెనక వచ్చి తన కొలతకు దించేయించాడు. ఇక నేను ఎక్కినా నాకు బానెట్ కనపడదు, చౌరస్తా దాటను, కారు నాగోల్ పోయి పూలకుండీ అవుతుంది.

“సిగ్గున్నదా మీకు?” అన్నాను. రోడ్డు మీద ఉన్నామన్న సోయి కూడా లేదు. “గంత చాత గాకపోతె ముందే వద్దనాలె. నా సీటు గోసి ఏం సాధించిండ్రు? మేకపోతును కూసోవెట్టిన సీటు, పెండ్లాం కూసుంటె అరిగిపోతదా?”

చెరుకురసం బండి దగ్గర నలుగురు ఆగారు. చెరుకు గానుగ కూడా ఆగింది. కుషన్ ఆయన సూది చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మా, అమ్మా, ఆగండి. కోసింది ఎడమ పక్కండీ. మీ పక్క నేను చెయ్యి కూడా పెట్టలేదు. సార్ మొన్న కూడా వచ్చారు. ఎడమ పక్క కూర్చుని చూశారు. తల టాపుకు తగులుతోంది, దించండన్నారు. నేను కుదరదన్నాను, బెంచీ సీటు ఎగుడుదిగుడుగా ఉంటే నా షాపు పరువేం కావాలి అన్నాను. రెండ్రోజులు వదల్లేదు నన్ను.”

అప్పుడు చూశాను సీటు వైపు. కుడి పక్క దిబ్బ, ఎడమ పక్క పల్లం, మధ్యలో ఒక మెట్టు. వీపు పక్క కూడా అంతే, నా వైపు మందం, అటు పలచన. అంత వికారమైన సీటు నేను ఎన్నడూ చూడలేదు.

“ఎన్ని రోజులని మెడ వంచుకోని కూసోవాలె?” అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఎన్ని రోజులని. అంటే మీర్‌పేట్ దాకా ఒక్కసారి కాదు. రోజూ. నాకు చెప్పకుండా, నన్ను ఒక్క మాటా అడగకుండా, ఆ మనిషి మెట్రో ఎక్కి వచ్చి, తన ఒంటిని ఎడమ పక్కకు కొలత ఇచ్చుకుని పోయాడు. నాకు ఏడుపొచ్చింది. ముందే చెప్పి చావొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు కారుతుందే తప్ప మాట రాదు.

“మరి ఇటు ఎందుకు కూసున్నరు?” అన్నాను.

కుషన్ ఆయన గొంతు తగ్గించి, “అటు కొలత అయిపోయాక, కాసేపు ఇటు కూర్చుంటానన్నారమ్మా,” అన్నాడు.

ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. అప్పుడు గమనించాను, చెప్పులు విడిచి పెట్టాడు. ఎడమ కాలు, అక్కడ లేని క్లచ్‌ను తొక్కి పట్టుకుని ఉంది. ఎదురుగా పోయే బస్సులూ బైకులూ ఆయనకు ఏ ఆకారంలో కనిపిస్తున్నాయో నాకు తెలియదు. దిగమందామని వచ్చినదాన్ని, దిగమనలేకపోయాను. అటు పక్కకు పోయి, ఎడమ పల్లంలో కూర్చున్నాను. పై తాడు నా తల మీద ఎక్కడో ఉంది, కింది తాడుకు అవతల ఏమీ కనపడలేదు.

“ఇంకింతసేపు కూసోండ్రి, తొందరేం లేదు,” అన్నాను.

మా ఆయన నడుపుతుంటే నేను ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా. కుషన్ ఆయన రెండు టీలు చెప్పాడు. పైన మెట్రో రైలు పోయింది. మా ఆయన స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పాడు, మళ్లీ సరిచేశాడు. ఎక్కడి దాకా పోయామో నేను అడగలేదు.

సీటు బిగించాక వారం రోజులు తెల్లవారుజామున మా కాలనీ రోడ్లన్నీ తిరిగాను. ఆ స్టీరింగు తిప్పాలంటే రొట్టెల పిండి పిసికినంత బలం కావాలి. గేరు మూడోది పడాలంటే దానికి మనసు కావాలి. మూఢం పోవడానికి ఒక్కరోజు ముందు, ఆదివారం పొద్దున పది గంటలకు, మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. తల టాపుకు రెండు వేళ్ల కిందుగా ఆగింది. కుషన్ ఆయన టేపు లేకుండానే అంత కచ్చితంగా కోశాడని ఒప్పుకోక తప్పలేదు.

బయల్దేరిన దగ్గర నుంచి నోరు మూస్తే ఒట్టు. “క్లచ్ ఇడువు. ఇడువు అంటున్న గదా. హారన్ కొట్టు. గంత హారనెందుకు? గేరు మార్చు. గిప్పుడు గాదు.” కింద కాలితో నాకన్నా ముందు ఆయనే లేని బ్రేకు తొక్కుతున్నాడు. చౌరస్తా దగ్గరికి రాగానే “ఫ్లైఓవర్ ఎక్కు, సీదా దిగుతం” అన్నాడు. ఆ ఎత్తు చూశాను. ఎక్కేటప్పుడు నడిమధ్యలో బండి ఆగి వెనక్కి జారిందంటే, ఎల్బీనగర్ అంతా నా పేరు చెప్పుకుని నవ్వుతుంది. కింది దారి పట్టాను. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. ముందు ఎవరూ లేరు. గీత దగ్గర మొదటి బండి నాదే. వెనక ఆటోలు, బస్సులు, బైకులు.

క్లచ్ తొక్కి పట్టుకుని, దేవుళ్లందరినీ తలుచుకుంటూ ఉంటే, పక్క నుంచి చప్పుడు లేదు. ఎర్రలైటు దగ్గర నిలబడి కూడా ఈయన నాకు ఏమీ నేర్పడం లేదేమిటా అని చూశాను. కళ్లు చిట్లించి ముందుకు వంగి ఉన్నాడు.

“సిగ్నల్ ఏమున్నది?” అన్నాడు.

“ఏంది?”

“ఎర్రదా, పచ్చదా?”

ఆ మాట మెల్లగా వచ్చింది. లైటు మాకు ఎదురుగానే ఉంది, నడిచిపోతే పాతిక అడుగులు కూడా ఉండదు.

“ఎర్రది,” అన్నాను. “కనవడ్తలేదా?”

“రెండేండ్లయింది.”

“మరి ఎట్ల నడిపిండ్రు?”

“ముందు బస్సు ఉంటది గదా. అది ఆగితె ఆగిన, అది పోతె పోయిన.”

రెండేళ్లు! ఎక్కడికి పోయినా ఏదో ఒక సిటీ బస్సు వెనక పొగ పీల్చుకుంటూ ఎందుకు పోతాడో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. వెనక నేను కూర్చుని, అద్దం దించి ముక్కు మూసుకుని, ఓవర్‌టేక్ చేయమని తిట్టేదాన్ని.

“వెనక నేను కూసున్న గదా,” అన్నాను.

“అందుకే ఇగ చాలనుకున్న,” అన్నాడు. “ఒకనాడు బస్సు లేకుండె.”

ఆనాడు ఏమైందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎర్రగా ఉన్న లైటునే చూస్తూ కూర్చున్నాను. క్లచ్ మాత్రం వదల్లేదు. వెనక ఒకడు అప్పుడే హారన్ మొదలుపెట్టాడు. లైటు మారింది.

“పచ్చవడ్డది,” అన్నాను.

ఆయన వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“నాకెందుకు చెప్తవ్,” అన్నాడు. “పోనియ్యి.”